పొన్నమ్మ పేరు రాసిన సీసా

కొంచెం ఇటు జరిగి కూర్చోండి. వయసుతో గొంతు సన్నబడింది, దూరంగా ఉన్నవాళ్ళకు వినిపించేట్టు చెప్పే ఓపిక లేదు. ఆ రోజుల్లో డాక్టరు లేని ఊళ్ళల్లో నర్సులు ఏం చేసేవాళ్ళని పిల్లలు ఈమధ్య అడుగుతున్నారు. కాన్పులు చేసేవాళ్ళం, బొడ్లు కోసేవాళ్ళం అని ఒక్క ముక్కలో చెప్పి పంపొచ్చు. కానీ మా ఉద్యోగంలో చేయాల్సిన పని ఎంతో, చేయకూడని పనీ అంతే ఉండేది. ఆ రెంటి మధ్య ఒకసారి నేను ఎట్లా ఇరుక్కున్నానో చెబుతాను, వినండి.

1962 జూన్‌లో నన్ను నెల్లూరు జిల్లా సముద్రపొడ్డున ఉన్న ఒక పాళెంలో వేశారు. మాది కావలి పక్క మెట్ట ఊరు. ఎనిమిదో తరగతి వరకు చదివి, రెండేళ్ళు శిక్షణ పొంది, ఆగ్జిలరీ నర్సు మిడ్‌వైఫ్‌గా చేరాను. పేరు పొడుగే గానీ హోదాలో అది అట్టడుగు మెట్టు. ప్రైమరీ హెల్త్ సెంటరుకు డాక్టరు గారు పెద్ద. ఆయన రాసిన మందులు కలిపి ఇచ్చేది కంపౌండరు. మా పని తనిఖీ చేసేది హెల్త్ విజిటరమ్మ. ఆవిడ కింద, ఊరికొకరుగా మేము. మేముండే చోటును సబ్ సెంటరు అనేవారు. పాళెంలో అది తాటాకు కప్పిన ఒక గది. అందులో ఒక బల్ల, ఒక ముక్కాలి పీట, సర్కారు ఇచ్చిన తోలుపెట్టె. సెంటరు అక్కడికి ఆరు మైళ్ళు. మధ్యలో ఉప్పు కాలువ, దాన్ని దాటడానికి బల్లకట్టు. కాలువ దాకా ఇసుకలో నడక. ఒక అడుగు ముందుకు వేస్తే అర అడుగు వెనక్కి లాగే ఇసుక అది. ఇప్పటికీ నా మోకాళ్ళు ఆ ఇసుకనే తిట్టుకుంటాయి.

నా పనులు ఇవి. కడుపుతో ఉన్నవాళ్ళ పేర్లు రాసుకొని ఒక్కొక్కరికి ఒక కార్డు పెట్టాలి. నెలనెలా, చివర్లో వారం వారం చూడాలి. పొట్ట తడిమి బిడ్డ తల ఎటుందో తెలుసుకోవాలి. కొయ్య గొట్టం ఆనించి బిడ్డ గుండె వినాలి. మామూలు కాన్పయితే చేయాలి, పది రోజులు ఇంటికి పోయి బాలింతను చూసి రావాలి. ఏదైనా తేడాగా ఉంటే చీటీ రాసి సెంటరుకు పంపాలి. అక్కడితో నా గీత ఆగిపోతుంది. జబ్బుకు పేరు పెట్టడం, డాక్టరు రాయని మందు ఇవ్వడం, సెంటరును దాటించి నెల్లూరు పెద్దాసుపత్రికి నేరుగా పంపడం నా పనులు కావు. చేస్తే మెమో వస్తుంది.

వీటన్నిటిలో నేను గట్టిగా నమ్ముకున్న పని నీళ్ళ పరీక్ష. ఆరేడు నెలలు నిండినవాళ్ళ దగ్గర వారానికొకసారి పొద్దుటి మూత్రం సీసాలో పట్టించి తెప్పించుకోవాలి. గాజు గొట్టంలో ముక్కాలు భాగం పోసి, స్పిరిటు దీపం మీద పైభాగం మాత్రం కాచాలి. కాచినప్పుడు తెల్లగా విరిగితే పుల్లటి మందు నాలుగు చుక్కలు వేయాలి. అయినా తెలుపు పోకుండా నిలబడితే అల్బుమిన్ ఉన్నట్టు. అంటే గుర్రపువాతం, కాన్పు దగ్గరపడ్డాక వచ్చే ఫిట్సు, ముంచుకొస్తున్నదని, ఆ మనిషిని ఆలస్యం లేకుండా పంపాలని అర్థం. గొట్టం తేటగా ఉంటే భయం లేదు. చదువు తక్కువైనదాన్ని గనక, కళ్ళకు కనిపించే ఆ తెలుపూ తేటా నాకు పెద్ద ధైర్యం.

ఆ పరీక్షలో నా చేయి కుదిరేదాకా నేర్పించినవారు సెంటరు కంపౌండరు ఖాదర్ బాషా గారు. ఏ మందు సీసా తీసినా మూత విప్పి వాసన చూసి గానీ పోసేవారు కాదు. డాక్టరు గారు మీటింగులకూ క్యాంపులకూ వారంలో రెండు మూడు రోజులు ఊళ్ళో ఉండేవారు కాదు. ఆ రోజుల్లో వరండా నిండా జనం బాషా గారి మొహమే చూసేవారు. ఆయన పుండ్లు కడిగి కట్టేవారు, పాత చీటీ తెచ్చినవాళ్ళకు అదే మిక్చరు మళ్ళీ పోసేవారు, కొత్త జబ్బుతో వచ్చినవాళ్ళను డాక్టరు గారు వచ్చినాక రమ్మనేవారు. ఆయనకు తెలియక కాదు. “నాకు తెలిసింది ఎంతన్నా ఉండనీ నర్సమ్మా, నా కలానికి సంతకం లేదు” అనేవారు.

ఇక పొన్నమ్మ సంగతి. పందొమ్మిదేళ్ళ పిల్ల, తొలిచూలు. నేను పాళెంలో చేరిన మరుసటి ఏడు చలికాలానికి ఆ పిల్లకు ఎనిమిదో నెల. మగడు పడవ మీద పోతాడు. ఇంటిపెత్తనం అత్త ఆదెమ్మది. చేపల తట్ట నెత్తిన పెట్టుకొని ముత్తుకూరు దాకా పోయి అమ్ముకొచ్చే మనిషి. నోరు పెద్దది. నాకు అప్పటికి పిల్లల్లేరు. నేనేదన్నా చెప్పబోతే, “కన్నోళ్ళకు లేని ఆత్రం నీకేందమ్మా? నువ్వెంతమందిని కన్నావు?” అని పదిమందిలో అడిగేది. నవ్వి ఊరుకొనేదాన్ని.

ప్రతి మంగళవారం ఆదెమ్మే సీసా తెచ్చేది. కడిగిన మిక్చరు సీసాకు కాగితం అంటించి పొన్నమ్మ పేరు నేనే రాసిచ్చాను. దాన్ని కొంగు చాటున పెట్టుకొచ్చి, “ఇదిగో నీ తీర్థం” అని బల్ల మీద పెట్టేది. నేను దీపం వెలిగిస్తుంటే గడప దాటి బయట కూర్చొని దాహమడిగేది. చెంబెడు తాగి ఇంకో చెంబు తాగేది. ఎండన పడి వచ్చింది గదా అనుకునేదాన్ని. గొట్టం తేటగా ఉండేది. కార్డులో ‘అల్బుమిన్ లేదు’ అని రాసుకునేదాన్ని.

అయితే పిల్ల వాలకం మారుతూ వచ్చింది. మొదట పాదాలు వాచాయి. అడిగితే, చేపలు ఎండబెట్టే దిబ్బ మీద పొద్దస్తమానం నిలబడే కాళ్ళు వాయక ఏం చేస్తాయని ఆదెమ్మే జవాబు చెప్పింది. తర్వాత మెట్టెలు వేళ్ళలోకి దిగబడితే కత్తిరించి తీయాల్సి వచ్చింది. ఆ పై వారానికి పొద్దున పూట కళ్ళ కింద ఉబ్బు. నాకు గుబులుగానే ఉండేది. కానీ ప్రతి మంగళవారం ఆ తేట గొట్టం చూసి గుబులు దించుకునేదాన్ని. నెల మీటింగులో డాక్టరు గారికి చెప్పాను కూడా. గొట్టంలో ఏముందని అడిగారు. తేటగా ఉందన్నాను. ఉప్పు తగ్గించమని, పడుకోబెట్టమని చెప్పారు. నేను చెప్పినదాన్నిబట్టి ఆయన చెప్పింది సరే. ఉబ్బిన మొహం గురించి ఒక్క మాట చెప్పి, తేట గొట్టం గురించి నాలుగు మాటలు చెప్పింది నేను.

ఆ పై మీటింగు మంగళవారం నాడే పడింది. పొద్దున్నే వాళ్ళింటికి పోయాను. పొన్నమ్మ తలకు గుడ్డ బిగించి కట్టుకొని గోడవారన పడుకొని ఉంది. “తల పగిలిపోతా ఉందక్కా. కళ్ళ ముందర మిణుగురులు ఎగిరినట్టుగా ఉంది” అన్నది. ఆదెమ్మ సీసా తెచ్చి చేతికిచ్చింది. పొన్నమ్మ మొహం గోడవైపు తిప్పుకుంది. సీసా చేతులు మారినప్పుడల్లా ఆ పిల్ల అట్లాగే తిప్పుకునేది. సిగ్గనుకున్నాను.

గదికి పోయి కాచాను. తేటగా ఉంది. నాకు ఆ రోజు నమ్మకం కలగలేదు. అయినా అనుమానం పోయింది మాత్రం నా పుల్లటి మందు మీదికి, అది పాతబడి పనిచేయడం లేదేమోనని. మిగిలిన నీళ్ళు అదే సీసాలో పెట్టుకొని సెంటరుకు బయలుదేరాను.

అక్కడ చూస్తే మీటింగు లేదు. డాక్టరు గారూ హెల్త్ విజిటరమ్మా టీకాల క్యాంపుకు పోయారు, రెండు రోజులకు గానీ రారు. బాషా గారు వరండాలో జనాన్ని పంపించి నా సీసా తీసుకున్నారు. తన మందుతో కాచారు. తేట. నా మందులో దోషం లేదన్నారు. తర్వాత ఏమనుకున్నారో, చక్కెర చూసే నీలం మందు ఇంకో గొట్టంలో పోసి, ఈ నీళ్ళు ఎనిమిది చుక్కలు వేసి కాచారు. నీలం పచ్చగా మారింది, పచ్చ పసుపైంది, పసుపు ఇటుక ఎరుపైంది. చక్కెర జబ్బు బాగా ముదిరితే గానీ ఆ రంగు రాదు.

పిల్లకు వయసెంతని అడిగారు. పందొమ్మిదన్నాను. మాటిమాటికీ నీళ్ళు తాగుతుందా అని అడిగారు. లేదన్నాను. ఆ మాట నోట్లోంచి వచ్చాక నాకు రెండు చెంబుల నీళ్ళు తాగే ఆదెమ్మ గుర్తుకొచ్చింది.

“నీళ్ళు నీ ముందర పట్టిందా నర్సమ్మా?”

“లేదు. అత్త తెచ్చింది.”

ఆయన గొట్టం కొయ్య చట్రంలో పెట్టి కూర్చున్నారు. “నువ్వు దీపం మీద కాస్తావని ఆ పాళెంలో అందరికీ తెలుసు గదా? చూలింత నీళ్ళు నిప్పు మీదికి పోతే కడుపు ఎండిపోతుందని వాళ్ళ నమ్మకం. పొయ్యి పక్కన గూడా పోయరు. నీ చేతికి ఇచ్చినారంటే అవి చూలింతవి కావు” అన్నారు. ఇన్నాళ్ళూ చెప్పలేదేమని అడిగాను. “నువ్వు దగ్గరుండి పట్టిస్తున్నావనుకున్నా. నువ్వేమో వాళ్ళు ఇచ్చిందే నిజమనుకున్నావు” అన్నారు. ఆ మాటలో కోపం లేదు, అలసట ఉంది.

నిప్పు లేకుండా చూసే దారి ఒకటుందని అప్పుడాయన చెప్పారు. గొట్టంలో కొంచెం నైట్రిక్ యాసిడ్ పోసి, దాని మీదికి మూత్రాన్ని గాజు అంచు వెంబడి మెల్లగా జారవిడవాలి. అల్బుమిన్ ఉంటే రెండూ కలిసేచోట తెల్లటి వలయం కడుతుంది. ఆ యాసిడ్ మా పెట్టెలో ఉండదు. చేతిమీద పడితే తోలు ఊడుతుంది, మాలాంటివాళ్ళకు ఇచ్చేది కాదు. చీటీ లేకుండా ఒక్క బొట్టు మందు దాటనివ్వని మనిషి, గాజు మూత సీసాలో అంగుళం లోతు పోసి, ఇసుక నింపిన డబ్బాలో కూరి, నా చేతిలో పెట్టారు. ఎట్లా పట్టుకోవాలో మూడుసార్లు చెప్పించుకున్నారు.

నేను పాళెం చేరేసరికి మధ్యాహ్నం దాటింది. ఆదెమ్మ దిబ్బ మీద చేపలు తిరగేస్తోంది. పక్కకు పిలిచి, ఇన్ని వారాలూ తెచ్చిన నీళ్ళు ఎవరివని అడిగాను.

“నావే. ఏం, నా నీళ్ళు నీళ్ళు గావా?” అన్నది.

ఆమె చేతులు ఇసుకలో రుద్దుకుంది. కడుపుతో ఉన్న తన చెల్లెలి నీళ్ళు ఎవరో పొయ్యిలో పోశారట. నెల తిరక్కముందే బిడ్డతో సహా పోయిందట. “నువ్వు మంచిదానివే నర్సమ్మా. సర్కారోళ్ళు అడిగినారని సీసా ఇస్తే నీ ఉద్యోగం నిలబడతాదని ఇచ్చినా. అంతేగానీ నా ఇంటి కోడలి కడుపును తెచ్చి నీ దీపం మీద పెడతానా?” అన్నది.

నిప్పు లేకుండా చూస్తానని, నీ కళ్ళ ముందరే చూస్తానని చెప్పాను. ఆమె నమ్మలేదు. ఇంటికి పోయాక నా తోలుపెట్టె తెరిచి, అగ్గిపెట్టె తీసి తన కొంగున ముడివేసుకుంది. స్పిరిటు దీపం తీసి చూరులో పెట్టింది. అప్పుడు పొన్నమ్మను లేపి లోపలికి తీసుకుపోయింది.

గొట్టంలో యాసిడ్ మీద ఆ పిల్ల నీళ్ళు జారవిడిచాను. తెల్లటి వలయం కట్టింది. సన్నటి గీత కాదు, పాల మీద మీగడంత మందం. ఆదెమ్మ చాలాసేపు చూసింది. “నాయి గూడా చూడు” అన్నది. కడిగిన గొట్టంలో ఆమెవీ చూశాను. వలయం లేదు. రెండు గొట్టాలనూ వెలుతురుకు పెట్టి చూసుకుంది. ఆ తర్వాత నేను ఆమెను ఒప్పించాల్సిన పని లేకపోయింది. “ఏం జేద్దాం?” అని మాత్రం అడిగింది. నా చేతిలో ఏమీ లేదని, ఇక్కడ ఒక్క గంట కూడా ఉంచకూడదని చెప్పాను.

నలుగురు మంచం మీద మోసుకొచ్చి బల్లకట్టు దాటించారు. అవతలి నుంచి ఎద్దుల బండి. బండి కుదుపుకు పొన్నమ్మ రెండుసార్లు వాంతి చేసుకుంది. ఆదెమ్మ ఆ పిల్ల తల ఒళ్ళో పెట్టుకొని, “ఏం గాదు, ఏం గాదు బుజ్జీ” అంటూనే ఉంది. అంత మెత్తటి గొంతు ఆమెకు ఉందని నాకు అంతకుముందు తెలియదు.

పద్ధతి ప్రకారం నేను పిల్లను సెంటరులో దించి, డాక్టరు గారు వచ్చేదాకా ఆగాలి. బండి సెంటరు ముందు ఆగగానే బాషా గారే బయటికి వచ్చారు. డాక్టరు గారి బల్ల మీద ఉండే బీపీ మిషను తెచ్చి బండిలోనే చేతికి చుట్టి చూశారు. అంకె పైకి అనలేదు, నా చీటీ వెనక రాశారు. ఫిట్సు రాకుండా ఇచ్చే మందు బీరువాలో ఉంది. తాళం డాక్టరు గారి దగ్గర ఉంది. తాళం ఉన్నా తాను సూది వేయగలిగేవాణ్ణి కాదని ఆయన ఆ తర్వాత చెప్పారు. “దించొద్దు. నెల్లూరు బస్సు ఇంకో పావుగంటలో వస్తాది, ఎక్కించు” అన్నారు.

చీటీ నా పేరు మీద నెల్లూరు ఆసుపత్రికే రాశాను. నా ఎనిమిదో తరగతి తెలుగులో, వాపు ఎన్నాళ్ళ నుంచో, తలనొప్పి ఎప్పటి నుంచో, వలయం ఎంత మందమో రాశాను. కింద సంతకం నాది. దాని కింద బాషా గారు కూడా చేశారు. సంతకం లేదన్న కలం అదే.

దీపాలు పెట్టే వేళకు ఆసుపత్రి చేరాం. చక్రాల బల్ల మీదికి ఎక్కిస్తుండగా మొదటి ఫిట్సు వచ్చింది. డాక్టరమ్మ చీటీ వెనక అంకె చూసి ఇంకేమీ అడగకుండా లోపలికి తీసుకుపోయింది. రెండు రోజులు పొన్నమ్మకు తెలివి లేదు. మూడో రోజు మగబిడ్డ పుట్టాడు, ఏడవలేదు. తల్లి బతికింది. ఒక్కవారం ముందు తెచ్చి ఉంటే ఇద్దరూ దక్కేవారేమోనని డాక్టరమ్మ నాతో అన్నది. నిందగా అనలేదు, ఉన్నమాటగా అన్నది.

ఆ సాయంత్రం వరండాలో ఆదెమ్మ పక్కన కూర్చున్నాను. నిప్పు తగలకపోయినా కడుపు పోయిందని ఆమె ఏడుస్తుందనుకున్నాను. అది అనలేదు. నావైపు చూడకుండానే ఇట్లా అన్నది.

“అన్ని వారాలు నీళ్ళు కాచినావే. ఒక్కసారన్నా ఎవురివి అని అడిగినావా? అడిగుంటే చెప్పుండేదాన్నే గదా. నేనేమన్నా అబద్ధం జెప్పినానా నీకు?”

నిజమే, ఆమె అబద్ధం చెప్పలేదు. ఏ మంగళవారమూ అవి పొన్నమ్మవని అనలేదు. సీసా మీద పేరు రాసింది నేను.

తిరిగి వచ్చాక మెమో వచ్చింది. సెంటరును దాటించి చీటీ ఎందుకు రాశావని, యాసిడ్ ఎక్కడిదని. నేను సంజాయిషీ రాయకముందే బాషా గారు తానే ఇచ్చానని రాసి పెట్టారు. డాక్టరు గారు ఇద్దరినీ నిలబెట్టి మందలించి, పై ఆఫీసుకు పంపకుండా ఫైలులోనే ఉంచారు. ఆయన మీద నాకు కోపం రాలేదు. ఇంకెవరైనా అట్లా దాటించి దారిలో ప్రాణం పోతే జవాబు చెప్పాల్సింది ఆయన. గీత గీసింది ఊరికే కాదు. ఆదెమ్మ పేరు మాత్రం చక్కెర రోగుల చిట్టాలోకి ఎక్కింది. అన్నం తగ్గించమంటే నన్ను తిట్టింది, కానీ తగ్గించింది.

ఆ తర్వాత ఇరవై ఆరేళ్ళు ఉద్యోగం చేశాను. ఎన్ని ఊళ్ళు మారినా నీళ్ళు నా ఎదుటే పట్టించుకున్నాను. కాచే ముందు ఈ ఊళ్ళో దీన్ని గురించి ఏమనుకుంటారని ముసలివాళ్ళను అడిగాను. మొహం ఒకటి చెప్పి గొట్టం ఇంకొకటి చెప్పినప్పుడు మొహాన్నే రాసి పంపాను. ఆ పరీక్ష నన్ను మోసం చేయలేదు, ఆదెమ్మను గురించి ఉన్నదే చెప్పింది. డాక్టరు గారు ఆరు మైళ్ళ అవతల ఉండి ఆ ఇంటి సంగతి తెలుసుకోలేరు. తెలుసుకోవడానికే మమ్మల్ని ఆ ఊళ్ళో పెట్టారు. మందు రాసే అధికారం నాకు లేదు, జబ్బుకు పేరు పెట్టే అధికారం లేదు. ఎవరివమ్మా ఇవి అని అడిగే అధికారం మాత్రం చేరిన రోజు నుంచీ ఉంది. దాన్నే నేను వాడుకోలేదు.

ఇంతసేపూ ఓపికగా విన్నారు. మీ ఇంట పురిటికి పోయిన ఆడబిడ్డ రెండు ప్రాణాలుగా గడప తొక్కాలి. మీ పెద్దలూ పిల్లలూ చల్లగా ఉండాలి.